కొత్త ఉప్పునీటి తొట్టిలో చేపలు చనిపోతుంటే మందుకన్నా ముందు నీళ్ళను పరీక్షించాలి

కావలిలో మీరు పెట్టిన 200 లీటర్ల తొట్టిలో మూడు వారాలు తిరగకముందే నాలుగు క్లౌన్ చేపలలో రెండు చనిపోయాయనీ, మిగిలిన వాటి ఒంటిమీద తెల్లచుక్కలు కనిపిస్తున్నాయనీ రాసి, రాగి మందు ఎంత వేయాలని అడిగారు. దయచేసి ఆ మందును తొట్టిలో పోయకండి. నెల్లూరులో నేను చేసిన పొరపాటు సరిగ్గా అదే.

తొట్టి నింపిన ఐదో రోజునే నేను చేపలను వదిలాను. పదో రోజుకు అవి నీటి పైకి చేరి ఎగశ్వాసతో మొప్పలు ఆడించసాగాయి. తెల్లచుక్క తెగులేమోనని రాగి మందు పోస్తే, చేపలు దక్కకపోగా, అంతవరకు నిక్షేపంగా ఉన్న నత్తలూ రొయ్యలూ కూడా పోయాయి; వెన్నెముక లేని ఆ జీవులు రాగిని తట్టుకోలేవని నాకప్పుడు తెలియదు. రొయ్యల గుంటలు సాగుచేసే మా మామయ్య వచ్చి, "ముందు నీళ్ళు ల్యాబులో చూపించావా అబ్బాయ్?" అని అడిగాడు. చూపిస్తే అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల భాగాలకు రెండు) ఉంది. చేపల విసర్జనల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైటుగానూ, దానిని నైట్రేటుగానూ మార్చే బాక్టీరియా రాళ్ళలో, ఫిల్టరులో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8 దాటి ఉండడం వల్లా, మన ఎండలకు నీరు వేడెక్కడం వల్లా అమ్మోనియాలో విషపు భాగం ఇంకా పెరుగుతుంది.

మీరు మైపాడు వంటి చోట నుంచి సముద్రపు నీరు తెచ్చుకుంటున్నట్లయితే ఉప్పుశాతం కూడా చూడండి. ఈశాన్య రుతుపవనాల వానల తరువాత నేను తెచ్చిన నీటిలో అది 24 పీపీటీయే (వెయ్యి భాగాలకు 24) ఉంది. గుంటలలో పెంచే వనామీ రొయ్యకు అది చాలు గాని, పగడపు దిబ్బల జీవులకు 33 నుంచి 35 వరకు కావాలి.

అమ్మోనియా ఏమాత్రం కనిపించినా, అదే ఉప్పుశాతం, అదే వేడి ఉన్న కొత్త నీటితో మూడో వంతు మార్చి, గాలి పంపు పెంచండి. ఆ తరువాతే చుక్కల సంగతి. చుక్కలు ఉప్పు గింజల్లా విడివిడిగా ఉంటే అది క్రిప్టోకారియాన్, అంటే తెల్లచుక్క తెగులు తెచ్చే పరాన్నజీవి. చుక్కలు కొద్ది రోజులలో రాలిపోతే తగ్గిందని మురిసిపోకండి, ఆ పరాన్నజీవి అడుగున పొదిగి, అంతకు ఎన్నో రెట్లుగా తిరిగి వస్తుంది. సన్నని పసుపు పిండి చల్లినట్లుండి, రెండు మూడు రోజులలోనే ప్రాణం తీసేది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి తెగులు. ఈ రెండింటికీ రాగి పనిచేస్తుంది. క్లౌన్ చేపలకు తరచుగా వచ్చే బ్రూక్లినెల్లా అనే ఇంకో పరాన్నజీవి తెగులులో మాత్రం చర్మం మీద జిగురు దట్టంగా పేరుకుని పొరలుగా ఊడుతుంది. దానికి రాగి పనికిరాదు, ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం) వాడతారు.

ఏ మందైనా విడి టబ్బులోనే వేయాలి. అందులో రాళ్ళూ ఇసుకా ఉంచకండి, అవి రాగిని పీల్చుకుని మోతాదును తప్పిస్తాయి. తేలింది క్రిప్టోకారియాన్ అయితే ఆశ్రయం దొరకక ఆ పరాన్నజీవి నశించేలా పెద్ద తొట్టిని 76 రోజులు చేపలు లేకుండా నడపండి.