పుస్తకాలు, సీరియళ్ళు, గేమ్స్... అన్నిట్లోనూ స్త్రీవాదం వెతికితే సరదా మిగులుతుందా?

బ్రహ్మాండంగా మిగులుతుంది. నన్నడిగితే ఇంకా పెరుగుతుంది. స్నేహితురాళ్ళతో కూర్చుంటే ఏ నవల గురించి మొదలుపెట్టినా, ఏ సీరియల్ పెట్టినా మాట చివరికి ఆడవాళ్ళ మీదికే మళ్ళుతోందనీ, హాయిగా చూడలేకపోతున్నాననీ మీరు ప్రశ్న కింద రాశారు. మా గుంపు ఏళ్ళ తరబడి చేస్తున్న పని సరిగ్గా ఇదే. నెలకో ఆదివారం ఎవరింట్లో వీలైతే వాళ్ళింట్లో చేరతాం. బ్యాంకులో పనిచేసే ఆమె ఉంది, లెక్చరర్ ఉంది, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన ఆమె ఉంది, గేమ్స్ అంటే చెవి కోసుకునే ఒక అబ్బాయి ఉన్నాడు. ఇన్నేళ్ళలో చర్చలతో విసుగొచ్చి మానేసినవాళ్ళు ఒక్కరూ లేరు. పెళ్ళయ్యాక ఇంట్లో కుదరక మానేసినవాళ్ళు మాత్రం ఉన్నారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇష్టం లేనిదాన్ని ఎవరూ అంతసేపు తిట్టరండీ. 'కార్తీక దీపం' సీరియల్ వచ్చినన్నాళ్ళూ దాన్ని తిట్టినవాళ్ళే రోజూ టైముకి టీవీ ముందు కూర్చున్నారు. అందులో హీరో డాక్టర్ బాబు భార్యని అనుమానించి దూరం పెట్టాడు. పిల్లలు తన పిల్లలో కాదో తెలియాలంటే డీఎన్ఏ పరీక్ష ఒకటుందని చూసేవాళ్ళందరికీ తట్టింది, డాక్టరైన ఆయనకి మాత్రం ఏళ్ళ తరబడి తట్టలేదు. ఊరంతా దాని మీద జోకులు వేసుకుంది. మా గుంపులో ప్రశ్న ఇంకో దారిలో వచ్చింది. పరీక్ష చేయించుకుంటే కథ అక్కడితో అయిపోతుంది, సరే. కానీ పరీక్షలో నెగ్గితేనే భార్య మంచిదని మనం కూడా ఎందుకు ఒప్పేసుకున్నాం? నిప్పుల్లో దూకమనే చోట రక్తం ఇమ్మంటే అది మార్పేనా? ఆ పూట టీ రెండోసారి కూడా చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు. ఇంకోటి, నల్లగా ఉన్న అమ్మాయి కష్టాల కథ చెప్పడానికి నటికి నల్లరంగు మేకప్ వేశారు. నిజంగా ఆ రంగున్న అమ్మాయికి ఆ వేషం దొరకలేదు. ఇవన్నీ మాట్లాడుకున్న తర్వాత కూడా మేం ఆ సీరియల్ చూశాం, ఇంకా శ్రద్ధగా చూశాం.

అమెరికాలో ఆలిసన్ బెక్‌డెల్ అనే కార్టూనిస్టు 1985లో తన కామిక్‌లో ఒక పాత్రతో చెప్పించిన నియమం చాలామందికి తెలిసే ఉంటుంది. సినిమాలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళుండాలి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగవాడి గురించి కాకుండా ఉండాలి. మా లెక్చరర్ దీన్ని మన సీరియళ్ళకి పెట్టి చూద్దామంది. హాలీవుడ్‌లో ఆడవాళ్ళు తక్కువై సినిమాలు ఈ నియమం దగ్గర ఫెయిలవుతాయి. మన దగ్గర ఫ్రేమ్ నిండా ఆడవాళ్ళే ఉంటారు, అయినా ఫెయిలే. అత్తా కోడలూ తోడికోడలూ పనిమనిషీ అందరూ కలిసి అరగంట మాట్లాడేది కొడుకు ఎక్కడికి పోయాడన్న సంగతే.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ఆ మధ్య వనస్థలిపురంలో మా స్నేహితురాలి ఇంట్లో కలిశాం. వాళ్ళమ్మగారు హాల్లో కింద పాత పేపరు పరుచుకుని గోంగూర ఒలుస్తున్నారు, టీవీలో సీరియల్ నడుస్తోంది. ఇంటర్ చదివే చెల్లెలు సోఫా మూలన కాళ్ళు ముడుచుకుని ఫోన్లో షూటింగ్ గేమ్ ఆడుతోంది. మేం ఇటుపక్క చలంగారి 'మైదానం' మీద కొట్టుకుంటున్నాం. 1927 నాటి నవలలో ఒక ఆడది భర్తని వదిలి తనకు నచ్చినవాడితో వెళ్ళిపోవడం ఎంత పెద్ద మాటో బ్యాంకు ఆమె చెబుతోంది. మరి కడుపొచ్చాక తీయించుకోమన్నది ఆ నచ్చినవాడే కదా, అప్పుడు ఆ స్వేచ్ఛ ఎవరిది అని లెక్చరర్ లేచింది. ఇద్దరూ గట్టివాళ్ళే, తగ్గరు.

ఆ గొడవ మధ్యలో ఆ పిల్ల ఇయర్‌ఫోన్స్ చార్జింగ్ అయిపోయి గేమ్ శబ్దం గదంతా వినిపించింది. కంగారులో మైక్ కూడా ఆన్ అయినట్టుంది. టీమ్‌లోవాళ్ళకి "ఎడంపక్క, గోడ వెనక ఉన్నాడు" అని చెప్పింది, అంతే. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత "అరే, ఆడపిల్లరోయ్!" అని ఒకడు. "ఇన్‌స్టా ఐడీ చెప్పు" అని ఇంకొకడు. మూడోవాడు స్వచ్ఛమైన తెలుగులో, "నీకిక్కడేం పని, పోయి గిన్నెలు తోముకో" అన్నాడు. ఆ తర్వాత అన్నవి ఇక్కడ రాయలేను. నిమిషం తిరక్కముందే ఆ పిల్ల బొమ్మకి తూటా తగిలి కింద పడింది. ఆ గేమ్‌లో పడినవాళ్ళని తోటివాళ్ళు వచ్చి లేపొచ్చు. ముగ్గురూ పక్కనే ఉన్నారు, ఒక్కడూ రాలేదు. తెర మీద ఆ బొమ్మ మోకాళ్ళ మీద పాకుతోంది, ప్రాణం గీత తగ్గిపోతోంది, వాళ్ళు నవ్వుతున్నారు.

ఆ పిల్ల ఏడవలేదు, కోప్పడనైనా లేదు. "ఛ, మైక్ ఆన్ అయిపోయింది" అని విసుక్కుని ఇంకో మ్యాచ్ మొదలుపెట్టింది. నా కడుపు రగిలింది ఆ విసుగు చూసే. వాన పడితే గొడుగు తీసినంత మామూలుగా మైక్ కట్టేసింది.

వాళ్ళమ్మగారు మాత్రం టీవీ కట్టేశారు. "ఎవడే వాడు?"

"ఎవడోనమ్మా, ఎక్కడివాడో."

"రోజూ ఇంతేనా?"

"నాది మగపేరే కదా అందులో. మాట్లాడకపోతే ఏం కాదు."

ఆవిడ గోంగూర కాడ పక్కన పడేసి మా వైపు తిరిగారు. "మా రోజుల్లో మగాళ్ళే ఆడపేర్లు పెట్టుకునేవాళ్ళమ్మా" అన్నారు. నిజమే. వారపత్రికల్లో రచయిత్రుల నవలలకి విపరీతమైన గిరాకీ ఉన్న కాలంలో కొందరు మగవాళ్ళు ఆడపేర్లతో నవలలు రాశారు. ఆడవాళ్ళు చదివే చోట, ఆడవాళ్ళు రాసే చోట ఆడపేరుకి విలువ ఉండేది. అదే దేశంలో ఇవాళ ఒక ఆడపిల్ల తన ఫోన్లో తను ఆడుకోడానికి మగపేరు తగిలించుకోవాల్సి వస్తోంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. గోంగూర ఒలుస్తున్న ఆవిడ మాట్లాడారు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. చిన్నప్పుడు యద్దనపూడి సులోచనారాణి నవలలు లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివారట. పట్టుబడితే నాన్నగారు "నవలలు చదివి ఆడపిల్లలు పాడైపోతున్నారు" అని చింపేసేవారట. మా బ్యాంకు ఆమె ఊరుకోకుండా, "ఆంటీ, వాటిలో కారున్న పొడుగాటి హీరో తప్ప ఏముందండీ?" అంది. ఆవిడ ముఖం ఎర్రబడింది. "మీరంతా రాజశేఖరాన్నే చూస్తారమ్మా. 'సెక్రటరీ'లో మేం జయంతిని చూశాం. ఉద్యోగానికి వెళ్తుంది, తన జీతం తను తెచ్చుకుంటుంది, ఆయన ఎంత గొప్పోడైనా మాట పడదు. మా వీధిలో అట్లాంటి అమ్మాయి ఒక్కతి లేదు అప్పుడు." గదిలో ఎవరికీ మాట రాలేదు. యూనివర్సిటీ సెమినార్లలో ఆ నవలల్ని 'కాలక్షేపం' అని తీసిపారేసే పెద్దమనుషులు ఆ పూట అక్కడ ఉండుంటే బాగుండేది.

నా కోపం అక్కడే. ఆడవాళ్ళు ఏది ఇష్టపడితే అది చవకబారు అయిపోతుంది. నవలలు చదివితే పాడైపోతారు, సీరియళ్ళు చూస్తే బుర్ర పోతుంది. క్రికెట్ మ్యాచ్ రోజంతా చూసే మగాడిని మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఇక గేమ్స్ దగ్గర ఆడవాళ్ళు ఉన్నారని ఒప్పుకోడానికే ఇష్టముండదు. గేమ్ కంట్రోలర్ కొనడానికి నేనో దుకాణానికి వెళ్తే అక్కడి కుర్రాడు అడిగిన మొదటి మాట, "బాబు వయసెంత మేడమ్?" నాకే అంటే నమ్మలేనట్టు చూశాడు.

గేమ్స్ లోపలా ఇదే వరస. 1986లో వచ్చిన 'మెట్రాయిడ్'లో కవచం తొడుక్కుని యుద్ధం చేసే వీరుడు చివర్లో ఆడది అని తెలుస్తుంది. ఎంత గొప్ప మలుపు! కానీ ఆట ఎంత త్వరగా ముగిస్తే ఆమె ఒంటి మీద అంత తక్కువ బట్టలు చూపిస్తారు. అంటే బాగా ఆడినవాడికి బహుమతి ఆమె ఒళ్ళు. మా గుంపులో గేమ్స్ పిచ్చి ఉన్న అబ్బాయి ఈ సంగతి తనే చెప్పాడు, చిన్నప్పుడు అదేమీ అనిపించలేదని, ఇప్పుడు మాతో మాట్లాడుతుంటే అనిపిస్తోందని. అదే అబ్బాయి 'రాజీ' తెచ్చి ఆడించాడు. 2020లో పుణేవాళ్ళు చేసిన గేమ్ అది. సర్కస్‌లో పెరిగిన రాజీ అనే అమ్మాయి, రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూ కోసం వెళ్తుంది. అన్న వచ్చి చెల్లెల్ని కాపాడే కథలు వినీ వినీ ఉన్నామేమో, కంట్రోలర్ చేతులు మార్చుకుంటూ ఆడుతుంటే అందరికీ భలే ఊపొచ్చింది. మీరు అడిగిన సరదా అంటే ఇదే కదా!

గేమ్స్‌లో ఆడవాళ్ళని ఎలా చూపిస్తున్నారని వీడియోలు చేసినందుకు అనీటా సార్కీసియన్ అనే ఆమెకి ఏళ్ళ తరబడి బెదిరింపులు వచ్చాయి. 2014లో అమెరికాలో ఒక యూనివర్సిటీలో ఆమె ప్రసంగం పెడితే కాల్పులు జరుపుతామని మెయిల్ వచ్చింది, ప్రసంగం రద్దయింది. ప్రశ్న అడిగితే సరదా పోతుందనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. ఎవరి సరదా ఎవరు చెడగొడుతున్నారో దానితో తేలిపోతుంది.

ఆ రోజు వనస్థలిపురం నుంచి తిరిగి వస్తుంటే నాకు ఇంకో విషయం తట్టింది. మన అమ్మలంతా గేమ్స్ ఆడకుండా సీరియళ్ళే ఎందుకు చూస్తారు? అభిరుచి లేక అనుకుంటాం. గోంగూర ఒలుస్తూ సీరియల్ చూడొచ్చు, అందుకు. నవలకి కళ్ళు కావాలి. గేమ్‌కి కళ్ళూ కావాలి, రెండు చేతులూ కావాలి. మధ్యలో కుక్కర్ కూత వేస్తే లేచి వెళ్ళడానికి కుదరదు. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెట్టేవాళ్ళు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. రెండు చేతులూ ఖాళీగా ఉండే గంట ఎవరికి దొరుకుతుందో ఇక వేరే చెప్పాలా? సీరియల్లో ఒక్క మాటకి మూడుసార్లు ముఖాలు చూపించి, ఉరుములు వినిపించి, నిన్నటి కథ మళ్ళీ చెబుతారని నవ్వుతాం. వంటింట్లో ఉన్నామెకి చెవులతో కథ అందాలంటే అలాగే తీయాలి. తీసేవాళ్ళకి చూసే ఆమె ఎక్కడ నిలబడి ఉందో బాగా తెలుసు, ఇంట్లోవాళ్ళకే తెలియదు.

మా గుంపు నుంచి మానేసినవాళ్ళ సంగతీ ఇదే. ఆదివారం సాయంత్రం మొగుడు స్నేహితులతో బయటికి వెళ్తే అది మామూలు. ఈమె పుస్తకం పట్టుకుని బయల్దేరితే "టిఫిన్ సంగతేంటి?" అంటారు. ఒకామె ఇప్పటికీ ఫోన్ స్పీకర్లో పెట్టి దోసెలు పోస్తూ మా మాటలు వింటుంది. ఆమె కోసమే మేం టైము మధ్యాహ్నం మూడింటికి మార్చాం, అయినా నెలనెలా రాలేకపోతోంది. అట్ల పెనం చప్పుడు మధ్యలోంచి ఆమె అనే ఒక్క మాట కోసం అందరం ఆగుతాం, ఎందుకంటే సాధారణంగా అదే సరైన మాట.

మీ స్నేహితురాళ్ళు అడిగే ప్రశ్నలతో మీకు విసుగొస్తుంటే మీకు నచ్చిన సీరియల్‌ని మీరే సమర్థించండి, ఆ ఆంటీ జయంతిని సమర్థించినట్టు. ఒప్పుకోవడం తప్పనిసరి అని ఎవరన్నారు? మా 'మైదానం' గొడవ ఇంతవరకూ తేలలేదు. మొదలుపెట్టడానికి పుస్తకం కావాలంటే ఓల్గాగారి 'విముక్త' తీసుకోండి, 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చిన్న పుస్తకం, ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు వినొచ్చు. 'సమాగమం' కథలో సీత వెళ్ళి శూర్పణఖని కలుస్తుంది. ముందు అది చదివించండి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనీ కూర్చోబెట్టండి, ఆ పూట కూరలు అందరూ కలిసి తరగండి. ఎవరేమన్నారో వచ్చి కింద కామెంట్లో రాయండి, నేను చదువుతాను.