స్క్రూ తిప్పితే ఒత్తిడేనా?

ప్రశ్న: ఇంగ్లిష్ పేపర్లో ఒక దేశం మీద పెట్టిన ఆంక్షల వార్త చదువుతుంటే ‘టర్న్ ది స్క్రూ’ అనే మాట కనిపించింది. మనం ‘వాడికి స్క్రూ లూజు’ అంటాం కదా, దానికీ దీనికీ సంబంధం ఉందా? తెలుగులో ‘ఒత్తిడి తెచ్చారు’ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: సంబంధం లేదండీ. అక్కడ లూజయింది మతి, ఇక్కడ బిగించేది ఎదుటి మనిషిని. ‘ఒత్తిడి తెచ్చారు’ అని రాస్తే తప్పేం కాదు గానీ అసలు సంగతి జారిపోతుంది.

ఈ మాట వెనక ఉన్నది థంబ్‌స్క్రూ అనే చిత్రహింసల పనిముట్టు. రెండు ఇనప పట్టీల మధ్య బొటనవేలు పెట్టించి పైనున్న మర తిప్పుతారు, ఒక చుట్టు తిప్పి ఆగి అడుగుతారు, చెప్పకపోతే ఇంకో చుట్టు. 1684లో ఎడిన్‌బరోలో విలియం కార్‌స్టేర్స్ అనే మతబోధకుడితో రాజు మీద జరిగిన కుట్ర సంగతులు చెప్పించడానికి దీన్నే వాడారు, ఆయన చివరికి నోరు విప్పక తప్పలేదు. తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ చుట్టుకీ ఈ చుట్టుకీ మధ్య ఆగుతారే, ఈ జాతీయానికి ప్రాణం అక్కడే ఉంది. అప్పు ఇచ్చినవాడు ముందు ఫోన్ చేస్తాడు, తర్వాత నోటీసు పంపుతాడు, అదీ కాకపోతే హామీ సంతకం పెట్టినవాళ్ల దగ్గరికి వెళతాడు, ఇలా మెట్టు మెట్టుకీ ఊపిరాడకుండా చేయడమే ‘టర్న్ ది స్క్రూ’. ఒక్కసారి గట్టిగా అరిచి ఊరుకుంటే అది ఈ మాట కిందికి రాదు. ‘ముక్కు పిండి వసూలు చేయడం’ దగ్గరగా అనిపిస్తుంది కానీ అందులో డబ్బు చేతికొచ్చేసింది, ఇందులో ఇంకా బిగిస్తూనే ఉన్నారు.

క్రికెట్లోనూ ఈ మాట వింటాం. వికెట్ పడకపోయినా వరసగా మెయిడెన్ ఓవర్లు వేసి బ్యాట్స్‌మన్‌కి టెన్షన్ పెంచుతుంటే ఇదే అంటారు, మన స్పోర్ట్స్ పేజీల్లో రాసే ‘పట్టు బిగించారు’ దానికి అచ్చంగా సరిపోతుంది.

‘పుట్ ది స్క్రూస్ ఆన్’ అని ఇంకోటుంది, అందులో బెదిరింపు వాసన ఎక్కువ, పైగా వాడుక మాట, ఆఫీసు ఉత్తరాల్లో రాయకండి.

మీరు చదివిన వార్తకైతే ‘ఆంక్షలతో ఆ దేశం మీద పట్టు బిగిస్తున్నారు’ అని రాయండి. ‘ఉచ్చు బిగించడం’ కూడా ఉంది కానీ అది వినగానే కేసులో ఇరుక్కున్న నిందితుడే గుర్తొస్తాడు, అందుకే దాన్ని నేరవార్తలకే వదిలేయడం మంచిది.