తొమ్మిదేళ్ళ పిల్లాడికి వేట క్లాసా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. అందుకే వీసా స్టాంపింగులు, అత్తగారి బీపీ మాత్రల ప్రశ్నలు వచ్చే సంచికకి వాయిదా వేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. బాబుకి తొమ్మిది నిండి రెండు నెలలైంది. పక్కింటి అమెరికన్ల అబ్బాయి, మావాడు ఒకే క్లాసు, ఒకే ప్రాణం. వాళ్ళ నాన్న నవంబరులో పిల్లలిద్దర్నీ జింకల వేటకి తీసుకెళ్తానంటున్నారు, ముందుగా ఇద్దరూ హంటర్ ఎడ్యుకేషన్ (వేటలో భద్రత నేర్పే) క్లాసు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే మంచిదన్నారు. మావారు సరేనన్నారు. నాకైతే తుపాకీ మాట వింటేనే గుండె దడ. మావాడు స్పెల్లింగ్ బీ పిల్లాడు, పుస్తకం ఇస్తే రెండు రోజుల్లో బట్టీ పట్టేస్తాడు కాబట్టి పరీక్ష గురించి టెన్షన్ లేదు. కానీ ఈ వయసులో పంపొచ్చా? పంపితే ఇంట్లో ఎలా తయారుచేయాలి?

– ఒక అమ్మ, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది తుపాకీ కాదు, "బట్టీ పట్టేస్తాడు" అన్న మాట. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు చట్టం.

టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్ళు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ చేయాలి. సర్టిఫికెట్ ఇవ్వడానికి కనీస వయసు తొమ్మిదేళ్ళు, అంటే మీవాడికి అర్హత ఉంది. అయితే ఈ నవంబరుకి అది తప్పనిసరేం కాదు. పదిహేడు నిండని పిల్లలు సర్టిఫికెట్ లేకపోయినా, లైసెన్సున్న పెద్దవాళ్ళు పక్కనే ఉంటే వేటకి వెళ్ళొచ్చు. ఆ పెద్దమనిషికి పదిహేడు నిండి ఉండాలి, ఆయన ఈ కోర్సు పాసై ఉండాలి లేదా ఆ తేదీకి ముందు పుట్టి ఉండాలి, మామూలు గొంతుతో పిలిస్తే వినపడే దూరంలో ఉండాలి. పిల్లాడికి మాత్రం 7 డాలర్ల యూత్ లైసెన్సు కావాలి. కాబట్టి తొందరేం లేదు. సిద్ధంగా లేడనిపిస్తే వచ్చే ఏడాది చేయించండి, కొంపేం మునగదు.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. సర్టిఫికెట్ చేతికొచ్చాక తొమ్మిదేళ్ళవాడు పెద్దవాళ్ళెవరూ లేకుండా వేటకి వెళ్ళినా టెక్సాస్ చట్టం అడ్డు చెప్పదు. చట్టం ఊరుకుంది కదా అని మనం ఊరుకుంటామా? పక్కింటాయనతో ముందే తేల్చుకోండి: సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా మావాడు మీ చేతికందే దూరంలోనే ఉండాలి అని. మొహమాటపడకండి. నిజంగా వేట తెలిసిన మనిషైతే ఈ మాట అన్నందుకు మిమ్మల్ని ఇంకాస్త గౌరవిస్తాడు.

ఇప్పుడు బట్టీ సంగతి. మా అమ్మాయికి పదేళ్ళప్పుడు నేనూ తనతో పాటు ఈ క్లాసులో కూర్చున్నాను. మనం మనమే కదా, నెల ముందునుంచే కోచింగ్ మొదలెట్టాను: బోల్ట్ యాక్షన్, లీవర్ యాక్షన్, పంప్, బ్రేక్ యాక్షన్ అంటూ తుపాకుల రకాలన్నీ ఫ్లాష్ కార్డులే. నాలుగు సూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ప్రతి తుపాకీలోనూ గుండు ఉందనే అనుకో, గొట్టం ఎప్పుడూ ఎవరూ లేని వైపే పట్టుకో, కాల్చే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, ఎదురుగా ఉన్నదేంటో దాని వెనకాల ఏముందో చూసుకో. రాత పరీక్షలో ఒక్క తప్పు లేదు. ఆ తర్వాత చేతికి డమ్మీ తుపాకీ ఇచ్చారు. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచేసరికి "ఆఁ" అంటూ తిరిగింది, తనతో పాటు గొట్టమూ తిరిగింది, మొదటి వరసలో కూర్చున్న మా అందరి పొట్టల మీదుగా. ఇన్‌స్ట్రక్టర్ అరవలేదు. తుపాకీ మెల్లగా తీసుకుని, "మళ్ళీ మొదట్నుంచి" అన్నాడంతే. ఇంటికొచ్చేదాకా కారులో మా ఇద్దరికీ మాటల్లేవు. తప్పు దానిది కాదు, నాది. నోటికి నేర్పాను, చేతికి నేర్పలేదు.

అందుకే ఫ్లాష్ కార్డులు అటక మీద పెట్టేసి, గరాజ్‌లో ఉన్న చీపురు కర్రో ప్లాస్టిక్ పైపో తీసుకోండి. ఒక చివర ఎర్ర టేపు చుట్టండి, అదే గొట్టం కొన. రోజుకి పదిహేను నిమిషాలు ఆ కర్ర పట్టుకుని ఇల్లంతా తిరగమనండి. ఎర్ర టేపు మనిషి వైపు గానీ కుక్క వైపు గానీ తన సొంత కాళ్ళ వైపు గానీ తిరిగిందంటే ఆ రోజుకి ఆట బంద్. మధ్యలో మీరు వంటింట్లోంచి పిలవండి, ఫోన్ మోగించండి, తమ్ముడో చెల్లెలో ఉంటే అడ్డం పరిగెత్తమనండి. రెండు వారాలకి మనిషి తిరిగినా టేపు తిరగదు. మన దగ్గర దీపావళికి తుపాకీలో రీలు పెట్టి ఒకళ్ళ మొహం మీద ఒకళ్ళం టపటపా పేల్చుకుంటూ పెరిగిన వాళ్ళం కాబట్టి ఇదంతా మనకి కాస్త చాదస్తంగా కనిపిస్తుంది. ఆ అలవాటునే ఇప్పుడు పిల్లాడి చేతుల్లోంచి తీసేయాలి. ఇంట్లో నర్ఫ్ గన్నులుంటే ఈ రెండు వారాలు దాచేయండి. బొమ్మ తుపాకీకి ఒక రూలు, అసలు దానికి ఒక రూలు అంటే తొమ్మిదేళ్ళ బుర్ర గందరగోళపడుతుంది.

తర్వాత కంచె దాటడం. రెండు కుర్చీల మధ్య తాడు కట్టండి. మొదట గుండ్లు తీసేసినట్టు నటించాలి, తర్వాత కర్రని తాడు కింద నుంచి అవతల నేల మీద పెట్టాలి, ఎర్ర టేపు తనకి ఎదురు దిక్కులో ఉండాలి, అప్పుడు కొంచెం పక్కకి జరిగి తను దాటాలి. ఇద్దరుంటే ఒకరు దాటాక రెండోవాళ్ళు అందించాలి. ఆట లాగే ఉంటుంది. కానీ తుపాకీ పట్టుకునే కంచె ఎక్కడం ఈ రంగంలో పాత ప్రమాదమే, క్లాసులో దీని మీద ప్రశ్న తప్పకుండా ఉంటుందనే అనుకోండి.

ఇంకోటి నాకు బాగా నచ్చింది, భోజనాల బల్ల దగ్గరే చేయించొచ్చు. నిటారుగా నించుని దూరంగా ఒక వస్తువు మీద చూపు నిలపాలి. చేతులు రెండూ పక్కలకి చాచి బొటనవేళ్ళు పైకెత్తాలి. చూపు కదపకుండా చేతుల్ని నెమ్మదిగా ముందుకి తెస్తే ఒక చోట రెండు బొటనవేళ్ళూ కనపడతాయి. ఆ రెంటి మధ్య ఉన్నదే, సుమారు 45 డిగ్రీలు, పక్కపక్కన నించుని వేటాడేటప్పుడు తను కాల్చడానికి అనుమతి ఉన్న మేర. ఎంత మంచి పిట్ట ఎగిరినా ఆ గీత దాటితే అది పక్కవాడి వాటా. మా అమ్మాయి ఇప్పటికీ కారులో వెనక సీట్లో తమ్ముడు తన వైపుకొస్తే ఇదే చేసి చూపిస్తుంది.

పుస్తకం వద్దనడం లేదు, చదివించండి. కానీ కారణం కూడా చెప్పండి. ఉదాహరణకి 20 గేజ్ షాట్‌గన్ తూటా పసుపు రంగులో ఉంటుందని బట్టీ పట్టేకంటే, అది పొరపాటున 12 గేజ్ గొట్టంలో (గేజ్ అంకె తగ్గితే గొట్టం లావవుతుంది) పడితే లోపలికి జారి ఇరుక్కుంటుందని, దాని వెనక మరొకటి పెట్టి కాలిస్తే గొట్టం చేతుల్లోనే పగులుతుందని, చూడగానే తేడా తెలియాలనే ఆ రంగు పెట్టారని చెప్తే వాడు జన్మలో మర్చిపోడు. .22 లాంటి చిన్న గుండు కూడా మైలు పైనే పోతుందని చెప్పి, మీ ఇంటి నుంచి మైలు దూరంలో ఏముందో కారులో తీసుకెళ్ళి చూపించండి. నేను చూపించాను, మా అమ్మాయి బడి వచ్చింది.

తరగతి గదిలో చెప్పే కోర్సు ఉంది, ఆన్‌లైన్‌లో చదువుకుని ఆ తర్వాత ఫీల్డ్ డేకి, అంటే చేతులతో చేసి చూపించే రోజుకి, వెళ్ళేదీ ఉంది. ఈ వయసుకి ఎదురుగా మనిషి నేర్పేదే ఎంచుకోండి. దాదాపు రోజంతా పడుతుంది, పులిహోర డబ్బా పెట్టుకెళ్ళండి. మీవారు కాదు, మీరు పక్కన కూర్చోండి. తెలియనిదానికే కదా దడ, మీది అక్కడే సగం తగ్గుతుంది.

ఇక "వద్దు" అనడం నేర్పాలి. ఇది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే మన పిల్లలకి మనం పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకూడదనే నేర్పాం. గుబురులో ఆకులు కదిలాయి, పక్కనున్న అంకుల్ "కాల్చు కాల్చు" అంటున్నాడు, వీడికి జింక పూర్తిగా కనపడలేదు. అప్పుడు "నాకు కనపడట్లేదు, కాల్చను" అనగలగాలి. ఈ సీను మీరు అంకుల్ వేషం వేసి మరీ ఇంట్లో నాలుగైదుసార్లు ఆడించండి. వాడు మొహమాటపడి ఒక్కసారైనా సరేనన్నాడంటే, నా మటుకు నేను ఈ ఏడాది పంపను. అలాగే జింక చావడం చూడాల్సి వస్తుందని ముందే చెప్పండి. మనం ఆదివారం సంతలో కోడిని కోయించుకుని పెరిగాం, వీళ్ళకి చికెన్ అంటే ప్లాస్టిక్ ట్రేలో వచ్చేదే. చూశాక ఏడిస్తే ఏడవనివ్వండి, ఇంకెప్పుడూ వెళ్ళనంటే అదీ సరే.

చివరిగా పక్కింటాయన్ని రెండు ప్రశ్నలు అడగండి. మీ ఇంట్లో తుపాకులు ఎక్కడ ఉంటాయి, తాళం వేసి, గుండ్లు వేరే చోట పెడతారా? పదిహేడు నిండని పిల్లల చేతికందేలా నింపిన తుపాకీ వదిలేయడం టెక్సాస్‌లో నేరం. వేటకి ఆరెంజ్ వెస్టులు, టోపీలు వేసుకుంటారా? ప్రైవేటు భూముల్లో టెక్సాస్ వాటిని తప్పనిసరి చేయలేదు, అయినా మీవాడికి కొనండి, కొని తొడిగే పంపండి.

ప్రశ్న: తెనాలి నుంచి మా అబ్బాయి దగ్గరికి పెన్సిల్వేనియా వచ్చాం. మనవరాలికి 11 ఏళ్ళు. స్నేహితురాళ్ళతో కలిసి వేట క్లాసుకి వెళ్తానంటోంది. ఇంటిల్లిపాదీ శాకాహారులం. చీమని చంపని ఇంట్లో ఇదేం చోద్యం? వద్దని చెప్పమంటారా?

– ఒక తాతగారు

జవాబు: తాతగారూ, మీ కష్టం అర్థమైంది. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట అంటే పోలీసు కేసు, కాబట్టి దాని పేరు మీద పిల్లలకి క్లాసు పెట్టడం మనకి వింతే. ఇక్కడ అది బడిలో ఈత నేర్పినట్టు. న్యూయార్క్ రాష్ట్రం 1949లోనే దీన్ని తప్పనిసరి చేసింది, మిగతావి ఒక్కొక్కటిగా దారిలోకొచ్చాయి. తుపాకుల మీద, గుండ్ల మీద వసూలు చేసే ప్రత్యేక పన్ను 1937 నాటి చట్టంతో అడవి జంతువుల సంరక్షణకీ, 1970 తర్వాత ఈ శిక్షణకీ పోతోంది. పెన్సిల్వేనియాలో సర్టిఫికెట్‌కి 11 ఏళ్ళు నిండాలి, అందుకే అమ్మాయి ఇప్పుడు అడుగుతోంది.

క్లాసుకి వెళ్ళినంత మాత్రాన వేటకి వెళ్ళాలని ఎక్కడా లేదు. అడవిలో దారి తప్పితే ఏం చేయాలి, చలికి ఒళ్ళు కొయ్యబారితే ఏం చేయాలి, ఏ జంతువుది ఏ అడుగు, ఇవన్నీ చెప్తారు. ముఖ్యంగా ఆ ఊళ్ళో తను ఆడుకోడానికి వెళ్ళే ఇళ్ళల్లో తుపాకులు ఉండే ఉంటాయి. కనపడితే ముట్టుకోకుండా బయటికొచ్చి పెద్దవాళ్ళకి చెప్పాలన్నది చేతుల్లో నాటుకుపోతే చాలు. వద్దనకండి. మీరు ఓసారి కూర్చుని "నేను చంపను కానీ నేర్చుకుంటాను" అని క్లాసులో చెప్పగలవా అని అడగండి. చెప్పగలనంటే మీ పెంపకానికి వచ్చిన లోటేం లేదు.

అన్నట్టు, నవంబరులో ఆ రాష్ట్రంలో అడవి పక్కన పొద్దున్నే నడకకి వెళ్తారేమో, మీరు కూడా ఆరెంజ్ రంగు వేసుకోండి. తుపాకులతో జింకల్ని వేటాడే వాళ్ళకే తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాలు ఆ రంగు ఉండాలని అక్కడ రూలు. తెల్ల పంచె మాత్రం ఆ రోజుల్లో వద్దు, తెల్లతోక జింక పారిపోయేటప్పుడు కనపడేది ఆ తెలుపే.

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద ఉన్నాను. పాప ఇక్కడే పుట్టింది. తనకి తోడుగా వెళ్ళి నేనూ తుపాకీ పట్టుకోవచ్చా?

– ఆస్టిన్

జవాబు: ఆగండి. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ గుండ్లు గానీ దగ్గర ఉంచుకోకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. మినహాయింపులున్నాయి, వాటిలో మనకి పనికొచ్చేది ఒకటే: ఏదైనా రాష్ట్రం సక్రమంగా ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు మీ చేతిలో ఉండాలి. లైసెన్సు తీసుకోకముందు స్నేహితుడు "ఒకసారి పట్టుకో బ్రో, ఫొటో తీస్తా" అని చేతిలో పెట్టినా వద్దనండి, ఆ ఫొటో ఇన్‌స్టాలో అసలే వద్దు. క్లాసులో పాప పక్కన కూర్చుని వినడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ ఫీల్డ్ డేలో అసలు తుపాకీతో కాల్పిస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కాల్పిస్తామంటే ఆ పూటకి మీరు బెంచీ మీదే. లైసెన్సు తీసుకుని ముందుకెళ్దామనుకుంటే మాత్రం, మీ గ్రీన్ కార్డు ఫైలు చూస్తున్న లాయర్‌కి ఒక మెయిల్ కొట్టి, జవాబు రాతలో వచ్చాకే కదలండి.