కొత్త రికార్డు మీద తెల్లటి మసకా? తుడిచే ముందు చూడండి

ప్రశ్న: ఈమధ్య కొత్త ఎల్పీ రికార్డులు రెండు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. సీలు నేనే విప్పాను. ఒకదాని అంచు పొడవునా తెల్లటి పొడి ఉంది, రెండోదాని మీద మసక, అక్కడక్కడా వేలిముద్రల్లాంటివి. వేస్తే చిటపటలు. పాతవేవో అంటగట్టారేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో మెత్తటి పాత పొందూరు ఖద్దరు పంచె ఉంది, దాన్ని మా బోరు నీళ్లలో తడిపి తుడవొచ్చా? తాతగారు దాచుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు ప్లేట్లు కూడా ఉన్నాయి, వాటినీ అలాగే కడగొచ్చా?
– ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: పాతవి అంటగట్టారని అప్పుడే అనుకోకండి. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన రికార్డుల మీద కూడా ఇలాంటివి మామూలే. కాకపోతే అదేంటో తేలేదాకా తడి గుడ్డ ముట్టించొద్దు. పొడి మీద నీళ్లు పడితే ముద్దయి గాడుల్లో కూరుకుపోతుంది, తర్వాత దాన్ని బయటికి తీయడం చాలా కష్టం.

రాత్రిపూట లైటు ఆర్పేసి, ఫోన్ టార్చి రికార్డు మీదికి ఏటవాలుగా పడేలా పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. అంచున విడివిడిగా నలుసులు కనిపిస్తే అది దాదాపుగా లోపలి కాగితం కవరు రాల్చిన నూగే. కవర్లోంచి రికార్డు లాగేటప్పుడు రాపిడికి స్టాటిక్ కరెంటు పుడుతుంది, ఆ నూగంతా దాన్నే పట్టుకుని వేలాడుతుంది, మీరు వింటున్న చిటపటల్లో సగం ఆ స్టాటిక్ వల్లే అయ్యుండొచ్చు. దీనికి నీళ్లు అక్కర్లేదు. రికార్డు తిరుగుతుండగా కార్బన్ ఫైబర్ బ్రష్ ఆనీ ఆననట్టు పెట్టి, రెండు మూడు చుట్లయ్యాక మెల్లగా అంచువైపు లాగేయండి, చాలు.

వేలిముద్రలు ప్యాకింగ్ చేసినవాళ్ల చేతి జిడ్డు. కడిగితే పోతుంది.

అసలు ఆలోచించాల్సింది మసక గురించి. అచ్చుకి నూనె రాస్తారని, అదే అంటుకుందని చాలామంది చెప్తుంటారు గానీ, జారుడు కోసం కలిపే పదార్థం రికార్డు తయారయ్యే పీవీసీ ప్లాస్టిక్ గింజల్లోనే ఉంటుంది, విడిగా నూనె పూయాల్సిన పని లేదు. లోపలి కవరు మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ అయితే మాత్రం, దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన రసాయనం వేడికి బయటికొచ్చి రికార్డు మీద పొరలా దిగుతుంది. మన దగ్గర మే నెలలో గోదాముల్లో వేడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. కవరు ముడతలు ఎక్కడ పడ్డాయో మసక కూడా అదే ఆకారంలో ఉంటే అది కవరు పనే, అనుమానం అక్కర్లేదు. తడిగా ఉన్నప్పుడు ఏ మసకైనా మాయమైనట్టే ఉంటుంది కాబట్టి, కడిగి పూర్తిగా ఆరాకే తేల్చుకోండి. అప్పటికీ అదే చోట, అదే ఆకారంలో ఉంటే అది పైన అంటుకున్నది కాదు, ప్లాస్టిక్‌లోకే దిగింది, లేదా అచ్చు వేసేటప్పుడే ప్లాస్టిక్ సరిగ్గా నిండలేదు. దాన్ని ఎంత రుద్దినా లాభం లేదు. రికార్డు వేసి వినండి: 33 స్పీడులో, అంటే నిమిషానికి 33⅓ చుట్లు తిరిగేటప్పుడు, ఒక చుట్టుకి 1.8 సెకన్లు పడుతుంది, సరిగ్గా ఆ లెక్కన పదేపదే గుడ్డ చించినట్టు బరబరమంటే మార్చి ఇమ్మని అడగండి. శబ్దంలో తేడా లేకపోతే మచ్చని అలా వదిలేయండి. ఈ గొడవంతా ఉంది కాబట్టి, కడగక ముందే ఫొటోలు తీసి పెట్టుకోండి, కడిగేశాక వాపసు తీసుకోమంటే అమ్మినవాళ్లు పేచీ పెట్టొచ్చు.

ఇక నీళ్లు. బోరు నీళ్లు వద్దే వద్దు. ఆరాక బిందె అంచున తెల్లగా కట్టే ఆ ఉప్పే రేపు మీ గాడుల్లోనూ మిగులుతుంది. పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ కొనండి, సీసా మీద పేరు చదివి మరీ తీసుకోండి, యాసిడ్ సీసాలూ ఆ పక్కనే ఉంటాయి. నాలుగు వంతుల నీళ్లకి ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒకే ఒక్క చుక్క వాసన లేని గిన్నెల సబ్బు ద్రవం కలపండి. శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, అదే కొత్త జిడ్డవుతుంది. మధ్యలో లేబుల్ తడవకుండా చూసుకుంటూ గాడి వెంబడే గుండ్రంగా తుడవండి, అడ్డంగా ఎప్పుడూ వద్దు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి, నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే వంగిపోతుంది.

పొందూరు పంచె మెత్తనే, కాదనను. కానీ చేత్తో వడికిన నూలు కాబట్టి నూగు రాలుతుంది, పోగొట్టాలనుకున్నదే మళ్లీ పెట్టినట్టవుతుంది. మైక్రోఫైబర్ గుడ్డే వాడండి. ఆరాక రికార్డుని పాత కవర్లో పెట్టకండి, పాలిథీన్ యాంటీస్టాటిక్ కవర్లు విడిగా అమ్ముతారు.

తాతగారి ప్లేట్ల విషయంలో మాత్రం దయచేసి జాగ్రత్త. 78 స్పీడు ప్లేట్లలో ఎక్కువభాగం లక్కతో చేసినవి, లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పైన చెప్పిన మిశ్రమం వాటికి తగిలిందంటే ఆ ఫిడేలు మళ్లీ వినపడదు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో సబ్బు చుక్క వేసి, బాగా పిండిన గుడ్డతో గబగబా తుడిచి వెంటనే ఆరబెట్టండి. అంచు బీటలిచ్చిన ప్లేటుకి ఆ తడి కూడా వద్దు.

గాడిలో నడిచే పిన్ను సంగతి మర్చిపోకండి. రికార్డు మీది నూగంతా చివరికి దాని కొనకే చుట్టుకుంటుంది, చిన్న బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవండి, పక్కలకి లాగితే పిన్నుని పట్టుకునే సన్నటి కడ్డీ వంగిపోతుంది.