ప్రభుత్వం జోక్యం చేసుకుంటే ఫిఫా వేటు ఎందుకు?

ప్రశ్న: సొంత దేశపు ఫుట్‌బాల్ సమాఖ్యను ప్రభుత్వమో కోర్టో సరిదిద్దబోతే ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా ఎందుకు సస్పెండ్ చేస్తుంది? నష్టం ఎవరికి?

జవాబు: సభ్య సమాఖ్యలు తమ వ్యవహారాలను బయటివారి ప్రమేయం లేకుండా స్వయంగా నడుపుకోవాలన్నది ఫిఫా నిబంధన. మంత్రి కార్యవర్గాన్ని తొలగించినా, కోర్టు నిర్వాహకులను నియమించినా అది ‘మూడో పక్షం జోక్యం’ కిందికే వస్తుంది. ఫిఫా కౌన్సిల్ వెంటనే సస్పెండ్ చేయవచ్చు. అప్పటినుంచి జాతీయ జట్టుకే కాదు, క్లబ్బులకూ అంతర్జాతీయ పోటీలుండవు, ఫిఫా నిధులూ ఆగుతాయి.

కువైట్‌నే చూడండి. అక్కడి క్రీడా చట్టం కారణంగా 2015 అక్టోబరులో వేటు పడింది. 2018 ప్రపంచకప్ అర్హత పోటీల్లో మిగిలిన మ్యాచ్‌లను ఆడకుండానే 0-3తో ఓడినట్లు లెక్కగట్టారు. చట్టం మార్చుకున్నాక 2017 డిసెంబరులో గానీ తిరిగి రాలేకపోయింది. రెండేళ్లంటే ఆటగాడి జీవితంలో చాలా పెద్ద భాగం.

భారత్ 11 రోజుల్లోనే బయటపడింది. ఫుట్‌బాల్ సమాఖ్య ఎన్నికలు జరగకపోవడంతో 2022 మేలో సుప్రీంకోర్టు నిర్వాహకుల కమిటీని వేసింది. ఆగస్టు 15న సస్పెన్షన్, కమిటీ రద్దయ్యాక 26న ఎత్తివేత. ఆ కొద్ది రోజుల వేటు వల్లే గోకులం కేరళ క్లబ్ మహిళల జట్టు ఉజ్బెకిస్తాన్ వరకూ వెళ్లి ఆసియా క్లబ్ పోటీ ఆడకుండా వెనుదిరిగింది. తప్పు పాలకులది, శిక్ష ఆ అమ్మాయిలకు! ఈ నిబంధనలో నాకు మింగుడుపడని అన్యాయం ఇదే.

రష్యా సంగతి వేరు. 2022 ఫిబ్రవరి 28న దాని జట్లను పక్కనపెట్టింది ఉక్రెయిన్‌పై దాడి వల్ల, సమాఖ్యలో జోక్యం వల్ల కాదు.