పిల్లలమర్రిలో పిల్లులు లేవు

సందేహం: అయ్యా, మా బామ్మర్ది పాలమూరుల సైన్సు సారు. పండుగకు వచ్చినప్పుడల్లా పిల్లుల మీద ఏదో ఒక సిద్ధాంతం తీస్తడు. పాలమూరుల ఉన్న పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి అసలు పేరు ‘పిల్లులమర్రి’ అంటడు. మార్జాలం అంటే మార్ + జాలం, కొట్టి వల వేసేదంటడు. పిల్లి, పెళ్లి ఒక్క మాటలే కాబట్టి ‘పిల్లిని చంకల పెట్టుకొని పెండ్లికి పోయినట్టు’ అన్న సామెత పుట్టిందంటడు. అన్నిటికన్న పెద్దది: పిల్లిని ఎట్ల ఇడిసినా కాళ్ల మీదనే పడ్తది, నెయ్యి పూసిన రొట్టె నెయ్యి పక్కనే నేలకు పడ్తది, పిల్లి వీపుకు రొట్టె కట్టి డాబా మీదికెళ్లి ఇడిస్తే రెండూ పడలేక గాల్లనే పిల్లిమొగ్గలు వేసుకుంట ఉంటది, డైనమో తగిలిస్తే ఊరంత కరెంటు అని. కరెంటు సంగతి ఎట్లున్నా మాటల సంగతి చెప్పుండ్రి. ఇంట్ల ఆయన మాటే నడుస్తున్నది.
— ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: ఇంట్లో ఎవరి మాట నడవాలో తేల్చడం నా శక్తికి మించిన పని. మాటల వరకు చెప్తాను.

పిల్లికి బహువచనం పిల్లులు. ‘లు’ రాగానే చివరి ఇకారం ఉకారమవుతుంది: తల్లి–తల్లులు, బల్లి–బల్లులు, పులి–పులులు. పిల్లకేమో పిల్లలు. కాబట్టి పిల్లుల, పిల్లల అనే రెండు మాటలకు తేడా ఒక్క కొమ్ము. ‘ఏండ్ల తరబడి నోళ్లలో నలిగి ఆ కొమ్ము అరిగిపోయింది’ అని మీ బామ్మర్ది వాదిస్తాడని నాకు తెలుసు. అర్థం మొత్తం ఆ కొమ్ము మీదనే నిలబడినప్పుడు అది అంత తేలిగ్గా అరగదు. గోడ మీది బల్లులు ఇన్నేండ్లలో బల్లలు కాలేదు. అయి ఉంటే బడిపిల్లలు వాటి మీదే కూర్చునేవాళ్లు. మంచంలోని నల్లులు నల్లాలు కాలేదు. అయి ఉంటే ఇంటింటికీ నల్లా పెట్టే మిషన్ భగీరథకు అంత ఖర్చే ఉండేది కాదు.

జంతువుల పేర ఊళ్లు లేవా అంటే ఉన్నాయి. మీ దేవరకొండ వైపే నక్కలగండి ఉంది కదా. కనుక పిల్లులమర్రి అనే పేరు ఉండకూడదని వ్యాకరణమేమీ అడ్డుపడదు. కానీ ఉన్నట్టు సాక్ష్యం కావాలి. పిల్లలమర్రి ఒక్క పాలమూరులోనే లేదు. సూర్యాపేట పక్కన ఇంకో పిల్లలమర్రి ఉంది. కాకతీయుల నాటి గుళ్లున్న ఊరు, ఎరకేశ్వరాలయం అక్కడిదే, 1208 నాటి గణపతిదేవుని శాసనం అక్కడిదే. పదిహేనో శతాబ్దపు కవి పిల్లలమర్రి పినవీరభద్రుని ఇంటిపేరును ఆ ఊరితోనే ముడిపెడతారు. ఆ ఇంటిపేరులోనూ కొమ్ము లేదు. ఒకదానికొకటి అంత దూరంలో ఉన్న రెండు చోట్లా మర్రిచెట్టు మీదికి పిల్లులు ఎక్కాయనీ, రెండు చోట్లా ఒక్కలాగే కొమ్ము రాలిపోయిందనీ నమ్మాలంటే పెద్ద మనసు కావాలి.

పేరుకు అర్థం చెట్టు కిందకు పోతే కనబడుతుంది. పాలమూరు మర్రి వయసు ఏడువందల ఏండ్లంటారు, మూడెకరాల మేర పరుచుకుంది. ఊడ దిగి నేలను తాకి వేరు పట్టి బోదె అవుతుంది, దాని కొమ్మ నుంచి మళ్లీ ఊడ దిగుతుంది. తల్లి మొదలేదో, పిల్ల మొదలేదో తెలియదు. అది పిల్లలమర్రి. 2017 చివర్లో దానికి చెదలు పట్టి పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడితే, మరుసటేడు సెలైన్ సీసాలు వేలాడదీసి బోదెలోకి బొట్టుబొట్టుగా చెదలమందు ఎక్కించారు. ఆ మర్రికి విరిగింది కొమ్మే, కొమ్ము కాదు.

ఇక మార్జాలం. ఉర్దూ ‘మార్’ను, సంస్కృత ‘జాలం’ను అతికించాడు మీ బామ్మర్ది. మన జిల్లాల్లో ఉర్దూ మాటలు తెలుగులో కలిసిపోయాయి కనుక ఆ ‘మార్’ చెవికి చుట్టంలా తగిలింది. కానీ ‘ఓతుర్బిడాలో మార్జారో’ అని పిల్లి పేర్లు చెప్పే పాత సంస్కృత నిఘంటువు అమరకోశం వల్లెవేసిన వాళ్లకు ఆ మాట గుర్తుంటుంది. దాన్ని రాసిన అమరసింహుని నాటికి ఉర్దూ పుట్టలేదు. మార్జారమే మార్జాలం. ర, ల ఒకదాని చోట ఒకటి రావడం సంస్కృతంలో మామూలే, ‘రలయోరభేదః’ అని సూక్తే ఉంది.

అసలు చిత్రం ఇక్కడుంది. మార్జాలానికి పండితులు చెప్పే వ్యుత్పత్తి వింటే మీ బామ్మర్ది అల్లినదే అనుకుంటారు: మొహం కడుక్కునేది కాబట్టి మార్జాలం. ఇది కల్పన కాదు. ‘మృజ్’ అనే ధాతువుకు తుడవడం, శుభ్రం చేయడం అని అర్థం. మార్జనం, సమ్మార్జనం దాని నుంచే వచ్చాయి. సమ్మార్జని అంటే చీపురు. అంటే మన ఇంట్లో పిల్లికి, తలుపు మూలనున్న చీపురుకు చుట్టరికం ఉంది. మీ ఉత్తరం చదువుతున్నప్పుడు మా నీళ్ల ట్యాంకు మూత మీద బూడిదరంగు పిల్లి ఒకటి కూర్చుని ఉంది. ముందుకాలు నాకింది, ఆ తడికాలితో చెవి వెనక నుంచి కంటి మీదుగా మూతి దాకా తుడుచుకుంది, మళ్లీ నాకింది. అటు పక్క అయ్యాక ఇటు పక్క. ఈ పేరు పెట్టినవాడు పిల్లిని తీరిగ్గా చూసినవాడు.

మాటను విరిచి కొత్త అర్థం లాగడం తప్పని నేననను. దానికి సభంగశ్లేష అని గౌరవమైన పేరే ఉంది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం చేత రామాయణమూ భారతమూ రెండూ చెప్పించాడు. అది చదివి రాముడూ ధర్మరాజూ ఒక్కడేనని ఎవరూ అనలేదు. మీ బామ్మర్ది అంటున్నది అదే.

పిల్లి–పెళ్లి సంగతి మీ ఉత్తరంలోనే తేలిపోయింది. సామెతను మీరు రాసింది ఎట్లా? ‘పెండ్లికి పోయినట్టు’ అని. మన నల్లగొండలో, పాలమూరులో పెండ్లి అనే అంటాం. పెండ్లి పాత రూపం. దానిలోని ‘ండ్ల’ మెత్తబడి కొన్ని ప్రాంతాల్లో ‘ళ్ళ’ అయింది, పండ్లు పళ్లయినట్టు, బండ్లు బళ్లయినట్టు. పెండ్లాం పెళ్లామైంది కూడా అందుకే. జంతువుల్లో ఆడదానికి నిఘంటువులు చెప్పే ‘పెంటి’ ఈ పెండ్లికి దగ్గరి బంధువు. పిల్లిలో ఉన్నది మొదటి నుంచీ ‘ల్ల’యే. అందువల్ల పిల్లి, పెళ్లి ఒకేలా వినిపించడం నిన్నమొన్నటి సంగతి, అదీ సగం ఆంధ్రదేశంలోనే. పాలమూరు సైన్సు సారు తన ఊరి మాట వదిలేసి ఎక్కడి ‘పెళ్లి’నో అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది, పాపం. సామెత పుట్టింది శకునం వల్ల. పిల్లి ఎదురొస్తేనే ఆగిపోయేవాళ్లున్న చోట దాన్ని చంకలోనే పెట్టుకుపోవడం కంటే తిక్కపని ఉంటుందా?

పిల్లిమొగ్గ మాత్రం నన్ను కాసేపు కూర్చోబెట్టింది. మొగ్గ అంటే ఇక్కడ పువ్వు మొగ్గ కాదు, దొమ్మరివాళ్లు వేసే మొగ్గ. మన పిల్లలు పల్టీ అంటారు. తల కిందికి, కాళ్లు పైకి పోతూ బండిచక్రంలా తిరగడం. పిల్లి పడేటప్పుడు చేసేది ఇది కాదు. 1894లో పారిస్‌లో మారే అనే ఆయన పిల్లిని వెల్లకిలా పట్టుకొని వదిలి, పడుతుండగా వరుసగా ఫోటోలు తీశాడు. నడుము దగ్గర వంగి, ముందుసగం ఒకసారి, వెనకసగం ఒకసారి తిప్పుకొని కాళ్లు కిందికి తెచ్చుకుంటుంది పిల్లి. అది రోకలి పొర్లినట్టు తిరగడం, చక్రం తిరిగినట్టు కాదు. కాబట్టి లెక్క ప్రకారం పిల్లి పిల్లిమొగ్గ వేయదు. ఎన్ని తిప్పలు పడ్డా చివరికి కాళ్ల మీదే తేలుతుందని ఆ పేరు పెట్టి ఉంటారని నా ఊహ. పత్రికల్లో ఈ మాట ఇప్పుడు పూర్తిగా నాయకులదైపోయింది. వాళ్లకు రెండు రకాల తిరుగుళ్లూ వచ్చు.

రొట్టె గురించి కూడా ఒక ముక్క, మీరు అడగకపోయినా. 1995లో రాబర్ట్ మాథ్యూస్ అనే ఆయన లెక్కగట్టి చెప్పింది ఏమంటే, బల్ల అంచు నుంచి జారిన రొట్టె నేల చేరేలోపు సగం తిరగడానికే సమయం చిక్కుతుందని. ఆ మరుసటేడు దానికి ఇగ్నోబెల్ బహుమతి, అంటే నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చేది, వచ్చింది. తప్పు నెయ్యిది కాదు, బల్ల ఎత్తుది. మన ఇళ్లలో పీట మీద కూర్చుని కంచంలో జొన్నరొట్టె తినేవాడి చేతిలోంచి జారితే తిరగడానికి దానికి జానెడు జాగా కూడా దొరకదు. డాబా మీది నుంచైతే ఎన్నిసార్లు తిరుగుతుందో దానిష్టం. అంటే పిల్లి, రొట్టె పోటీలో రొట్టెకు ఏ పట్టుదలా లేదు, పిల్లిదే గెలుపు, కరెంటు రాదు.

చేసి చూపిస్తానని ఆయన పట్టుబడితే రొట్టెను ఆయన కంచంలోంచే తీయండి. పిల్లిని మాత్రం చేతికివ్వకండి.