సైకియాట్రిస్ట్ 100లోంచి 7 తీసేస్తూ పొమ్మని ఎందుకు అడుగుతారు?

మీ ధ్యాస ఒకే పని మీద ఎంతసేపు నిలుస్తుందో చూడటానికి అడుగుతారు. 93, 86, 79... ఇలా పోతున్నప్పుడు వచ్చిన జవాబు గుర్తుంచుకుంటూనే అందులోంచి మళ్లీ ఏడు తీయాలి. దిగులు, ఆందోళన, నిద్రలేమి, డిమెన్షియా (మతిమరుపు జబ్బు), వీటిలో ఏదున్నా ఆ పట్టు సడలవచ్చు. ఉదాహరణకు ఒకాయన 86 దాకా చకచకా వచ్చి, "ఎంత దగ్గర ఉన్నానండీ?" అని ఆగిపోతారు. తీసివేత వచ్చు, జారిపోయింది ధ్యాసే. బడికి వెళ్లని పెద్దావిడను ఇదే అడగడం అన్యాయం. ఆవిడను 20 నుంచి వెనక్కి లెక్కపెట్టమనో, వారాలు వెనక నుంచి చెప్పమనో అడుగుతారు.

తప్పు చెబితే "పిచ్చి" అని రాసేస్తారని చాలామంది భయం. అది నిజం కాదు. ఈ ఒక్క ప్రశ్నతో ఏ జబ్బూ తేలదు. నిద్ర, ఆకలి, మాటతీరు, ఇంట్లోవాళ్లు చెప్పేది, అన్నీ కలిపే చూస్తారు.